ఆన్‌లైన్‌లో ఒకలా, బయట ఇంకోలా ఉంటే నేను ఫేక్ మనిషినా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఏంటంటే, లింక్డ్‌ఇన్‌లో మీరు సీరియస్‌గా పనిమాటలు మాట్లాడే మనిషి, ఇన్‌స్టాలో ఎప్పుడు చూసినా నవ్వుతూ తిరిగే మనిషి, పేరు లేకుండా నడిపే ఇంకో అకౌంట్‌లో చిరాకంతా కక్కేసే మనిషి, బయట నలుగురిలో కూర్చుంటే మాత్రం నోరు విప్పరు. మొన్న మీ ఫ్రెండ్ "నువ్వు ఆన్‌లైన్‌లో వేరే మనిషివి" అనేసరికి బుర్ర తిరిగిపోయి, ఇందులో అసలు నేనెవరు, అన్నీ డిలీట్ చేసెయ్యాలా అని అడుగుతున్నారు. అంతేనా?

మీరు ఫేక్ కాదు, అన్నీ డిలీట్ చెయ్యక్కర్లేదు. కాకపోతే ఆ మూడింట్లో ఒకటి మిమ్మల్ని పీక్కు తింటోంది, దాని సంగతి చూడాలి. అది మీరనుకుంటున్న అకౌంట్ కాకపోవచ్చు.

నేనెవర్ని చెప్పడానికి అంటే, 2012 నుంచీ వేరేవాళ్ల అకౌంట్లు నడపడమే నా పని. ప్రొఫైల్‌లో ఉండే నాలుగు లైన్లు, ఫొటో కింద మాటలు, పుట్టినరోజు పోస్టులు, సారీ పోస్టులు, అన్నీ వాళ్ల పేరుతో నేనే రాస్తా. ఒక్కోరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అయిదుగురు మనుషుల తరఫున "నేను" అని టైప్ చేసుంటాను. కాబట్టి ఈ వేషాల వ్యవహారం నాకు తెరవెనక నుంచి తెలుసు.

ముందు ఆ "ఫేక్" అన్న మాట సంగతి. ఆఫీసులో ఒకలా, అమ్మ దగ్గర ఒకలా, చిన్నప్పటి ఫ్రెండ్ దగ్గర ఒకలా మాట్లాడని మనిషి ఎవరన్నా ఉన్నారా? అమ్మతో మాట్లాడే గొంతుతోనే మేనేజర్‌తో మాట్లాడితే ఉద్యోగం ఉండదు, మేనేజర్‌తో మాట్లాడినట్టు అమ్మతో మాట్లాడితే ఒంట్లో బాలేదా అని అడుగుతుంది. ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సోషియాలజిస్టు 1950ల్లోనే దీని గురించి వివరంగా రాశాడు, మనిషి నలుగురి ముందు ఉన్నప్పుడు స్టేజి మీద ఉన్నట్టు ఉంటాడు, తెర వెనక్కి వచ్చి ఊపిరి పీల్చుకుంటాడు, ఈ రెండూ ఉంటేనే రోజు గడుస్తుంది అని. ఆయన రాసేటప్పటికి ఇంటర్నెట్టే లేదు. అంతెందుకు, "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అన్న సామెత ఫోన్లు వచ్చాక పుట్టలేదు కదా.

మరి కొత్తగా వచ్చిన చిక్కేంటి అంటే, స్టేజీల మధ్య గోడలు పోయాయి. బయట అమ్మ, మేనేజర్, చిన్నప్పటి ఫ్రెండ్ ఒకే గదిలో ఉండరు, ఉన్నా ఏ పెళ్లిలోనో గంటసేపు, ఆ గంట మనకి ఎంత ఇబ్బందిగా ఉంటుందో తెలుసుగా. ఇక్కడ ఆ గంట ఎప్పటికీ అవ్వదు. పరిశోధకులు దీన్ని కాంటెక్స్ట్ కొలాప్స్ అంటారు, సందర్భాలన్నీ కూలి ఒకదాని మీద ఒకటి పడిపోవడం అన్నమాట. ఫేస్‌బుక్ 2004లో మొదలైనప్పుడు ఒకరి గురించి తెలియాలంటే వాళ్ల పేజీకి మనమే వెళ్లి చూడాలి, 2006 సెప్టెంబరులో న్యూస్ ఫీడ్ వచ్చాక మనం వెళ్లక్కర్లేదు, మనం మార్చిన ప్రతి ముక్కా అందరి ముందుకీ అదే వెళ్లి నిలబడుతుంది. అప్పట్లో జనం గట్టిగానే గొడవ చేశారు, తర్వాత అలవాటైపోయింది. 2009లో లైక్ బటన్ కూడా వచ్చింది, అంటే చూసేవాళ్లు పెరగడమే కాదు, మార్కులు వెయ్యడం కూడా మొదలైంది.

మీ ఫ్రెండ్ అన్న మాట కూడా ఇందులోంచే వచ్చిందని నా అనుమానం. తను మీ ఇన్‌స్టా కూడా చూస్తుంది, మీ పక్కన కూడా కూర్చుంటుంది. ఇంకొకరి కోసం వేసుకున్న వేషం తన కంట పడింది, అంతే. పూర్వం అయితే పడేది కాదు.

ఇంకో సంగతి చెప్తా, చాలామంది నమ్మరు. జర్మనీ, అమెరికాల్లో 236 మంది ప్రొఫైళ్లు తీసుకుని చేసిన స్టడీ ఒకటి 2010లో వచ్చింది. ప్రొఫైల్ చూసి ఈ మనిషి ఎలాంటివాడో చెప్పండి అని ముక్కూమొహం తెలియనివాళ్లని అడిగారు. వాళ్లు చెప్పింది ఆ మనిషి "నేనిలా ఉంటే బాగుండు" అనుకునే రూపంతో కాదు, అసలు స్వభావంతోనే ఎక్కువ కలిసింది. మనం ఎంత దాచినా కారిపోతాం అన్నమాట. అప్పటికి ఫిల్టర్లూ స్టోరీలూ ఇంతలా లేవు, అది నిజమే, కానీ నా అనుభవంలో ఇప్పటికీ అదే. పొగడ్తలంటే పడని క్లయింట్ ఒకాయనకి ఎంత గొప్పగా రాసిచ్చినా పబ్లిష్ చేసేముందు సగం కొట్టేసి పంపిస్తాడు, ఆ కొట్టేసిన పద్ధతిలోనే ఆయన కనపడతాడు. కాబట్టి ఇన్‌స్టాలో నవ్వే మనిషి కూడా మీలోంచి వచ్చిందే, ఎక్కడి నుంచో అద్దెకి తెచ్చింది కాదు.

సరే, ఇప్పుడు ఆ పీక్కు తినే అకౌంట్ దగ్గరికి వద్దాం.

మీ ప్రశ్నలో ఒక లైన్ ఉంది, "రెండ్రోజులు ఏం పెట్టకపోతే ఏమైంది అని మెసేజ్‌లు వస్తాయి, అందుకని పాత ఫొటోలు వెతికి పెడుతుంటా" అని. నాకు మొత్తం ప్రశ్నలో గుచ్చుకున్నది అదే. పేరు లేని అకౌంట్ చూసి మీరు సిగ్గుపడుతున్నారు, నేను మాత్రం ఆ నవ్వే అకౌంట్ చూసి కంగారుపడతాను. నేను క్లయింట్లతో మొదటిరోజు ఇది నిజమా అబద్ధమా అని అడగను, "ఈ అకౌంట్‌లో ఉన్న మనిషి మారొచ్చా?" అని అడుగుతా. ఇవాళ మూడ్ బాలేదంటే ఊరుకుంటుందా, మీ అభిప్రాయం మారితే ఒప్పుకుంటుందా, ఆర్నెల్లు మాయమైతే తిరిగి రానిస్తుందా. ఒప్పుకుంటే అది ఎంత మేకప్ వేసుకున్నా పర్లేదు. ఒప్పుకోకపోతే అందులో ఉన్నవన్నీ నూటికి నూరుపాళ్లు నిజాలే అయినా మీరు దానికి నౌకరీ చేస్తున్నట్టే.

ఒక కేసు చెప్తా. ఒక ఫిట్‌నెస్ ట్రైనర్ అకౌంట్ నాలుగేళ్లు చూశాను. భుజం దెబ్బతింది, సర్జరీ అయింది, చెయ్యి పైకెత్తకూడదు. మా దగ్గర ముందే షూట్ చేసిన వీడియోలు నలభై దాకా ఉన్నాయి, వారానికి నాలుగు చొప్పున వేసుకుంటూ పోదాం, ఎవరికీ తెలియదు అన్నాను. అవును, నేనే అన్నాను. ఏడో వారంలో ఒకరోజు వాళ్లింటికి వెళ్తే, మంచం మీద పడుకుని ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని తన వీడియోలే తను చూసుకుంటున్నాడు. కింద ఎవరో "మీ ఎనర్జీ చూస్తే అసూయగా ఉందన్నా" అని రాశారు. "నాక్కూడా అసూయగానే ఉంది" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు నోట మాట రాలేదు. ఆ వీడియోల్లో ఒక్క ఫ్రేమ్ కూడా అబద్ధం కాదు, చెమట కూడా నిజమే. కానీ ఆ అకౌంట్‌లో ఉన్నవాడికి దెబ్బ తగలడానికి పర్మిషన్ లేదు.

ఆ రాత్రి ఇరవై సెకన్ల వీడియో పెట్టాడు, రబ్బరు బ్యాండ్ పట్టుకుని మోచెయ్యి మెల్లగా కదిపే ఎక్సర్‌సైజు, మ్యూజిక్ లేదు, మొహం కొంచెం వాచి ఉంది. మామూలుగా వచ్చే వ్యూస్‌లో సగం కూడా రాలేదు. మెసేజ్‌లు మాత్రం తెల్లారేదాకా వచ్చాయి, అందులో ఎక్కువ "మీరు వాడేది ఏ రంగు బ్యాండ్" అనే, అంటే ఎంతమంది భుజాలు నొప్పిపెట్టుకుని కూర్చున్నారో చూడండి.

మనం ఎలా కనపడతామో అలా తయారైపోతామా అంటే, కొంతవరకు అవును. డయాన్ టైస్ అనే సైకాలజిస్టు 1992లో రాసిన పేపర్ ఒకటుంది. మనుషుల్ని ఒక రకంగా ప్రవర్తించమని చెప్పారు, కొందరిని నలుగురు చూస్తుండగా, కొందరిని ఎవరూ చూడకుండా. చేసింది రెండు గుంపులూ ఒకటే, కానీ నలుగురి ముందు చేసినవాళ్లే "నేను అలాంటి మనిషినే" అని ఎక్కువగా నమ్మడం మొదలుపెట్టారు. దీన్ని రెండువైపులా వాడుకోవచ్చు. పిరికిగా ఉండేవాళ్లు ధైర్యంగా పోస్టులు పెడుతూ పెడుతూ నిజంగానే కాస్త ధైర్యం తెచ్చుకోవడం నేను చూశాను, మీ లింక్డ్‌ఇన్ మనిషిని నేను ఆ లెక్కలోనే వేస్తా, రేపు మీటింగులో నోరు విప్పేది ఆవిడే కావచ్చు. రెండోవైపు, రోజూ పదిమంది ముందు "నాకేం బాధల్లేవు" అని నటిస్తే, బాధ వచ్చినప్పుడు అది మనది కాదేమో అనిపిస్తుంది.

నాకే జరిగింది ఇది, నవ్వుకోండి. నా దగ్గరి స్నేహితురాలి వాళ్లమ్మ పోయారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, మెసేజ్ పెట్టాను. అరగంటలో ఆ పిల్ల నుంచి రిప్లై, "ఇది ఏ క్లయింట్‌కి రాసిందే?" అని. తిరిగి చదువుకుంటే నిజమే, "ఈ కష్ట సమయంలో మీ కుటుంబానికి మనోధైర్యం కలగాలని" అని రాశాను, ఇరవయ్యేళ్లుగా ఏమే ఏమే అని పిలుచుకునే మనిషికి "మీ కుటుంబానికి" అట! చేతులకి అలవాటైపోయింది. చెరిపేసి "వస్తున్నా, తలుపు తీసి పెట్టు" అని పంపించా. అప్పట్నించీ సొంత మెసేజ్‌లు టైప్ చెయ్యను, ఫోన్ చేస్తా, లేకపోతే వాయిస్ పంపిస్తా.

పేరు లేని అకౌంట్ గురించి. అక్కడ కక్కే మనిషే అసలు నేను, మిగతాదంతా నటన అని మీరు ఫిక్స్ అయినట్టున్నారు. అవసరం లేదు. మొహం కనపడనప్పుడు జనం ఎందుకంత తెగిస్తారు అన్నదాని మీద జాన్ సూలర్ అనే సైకాలజిస్టు 2004లో రాశాడు, ఆయన కూడా ఇదే అంటాడు, ముసుగు తీస్తే అడుగున ఒక "నిజమైన నేను" దాక్కుని ఉంటుందనుకోవడం పొరపాటు, అక్కడ బయటికొచ్చేది మనలో ఇంకో ముక్క మాత్రమే. కోపం ఎక్కువ శబ్దం చేస్తుంది కాబట్టి అదే అసలుది అనిపిస్తుంది. ఎవరినీ పేరుపెట్టి తిట్టకపోతే, బెదిరించకపోతే ఆ అకౌంట్‌ని అలా ఉండనివ్వండి. కాకపోతే పేరు లేదు కదా అని పూర్తిగా నమ్ముకోవద్దు, మీ రాత పద్ధతి, మీరు పెట్టే టైము, ఒక ఫొటోలో కిటికీ, తెలిసినవాళ్లకి ఇవి చాలు పట్టేసుకోవడానికి. ఇంకో మాట, కొంతమందికి పేరు దాచుకోవడం ప్రాణానికి సంబంధించిన విషయం, వెంటపడేవాళ్లు ఉంటారు, ఇంట్లో తెలిస్తే గెంటేసే పరిస్థితి ఉంటుంది. వాళ్లని పట్టుకుని నిజాయితీ గురించి క్లాసు పీకేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

గీత ఎక్కడ గీయాలి? నేను గీసుకున్నది చెప్తా. బాగున్న ఫొటో ఎంచుకోవడం, బాధ చెప్పకపోవడం, వంద మాటలు పదికి కుదించడం, ఇదంతా ఎడిటింగ్. ఎదుటివాళ్లు దాన్ని నమ్మి డబ్బు పెట్టడమో, ఉద్యోగం ఇవ్వడమో, వైద్యం చేయించుకోవడమో, జీవితం పంచుకోవడమో చేసే చోట లేనిది ఉన్నట్టు రాస్తే అది మోసం, దానికి ఇంకే పేరూ లేదు. నాలుగేళ్ల అనుభవాన్ని పదేళ్లని రాయమంటే ఒక క్లయింట్‌ని వదులుకున్నాను, వాళ్లు వేరే ఎవరితోనో రాయించుకున్నారు, అది వేరే సంగతి.

ఫొటోల్లో నేను అసహ్యంగా ఉంటాను అని కూడా రాశారు. ఇది చిన్న విషయం, దీనికి జవాబు ఈజీ. ఫోన్ ముందు కెమెరా తెరిచినప్పుడు స్క్రీన్ మీద అద్దంలోలా కుడిఎడమలు తిరగేసి చూపిస్తుంది, మనం పుట్టినప్పట్నించీ అద్దంలో చూసుకున్న మొహం అదే. వేరేవాళ్లు తీసిన ఫొటోలో అసలు వైపు ఉంటుంది, వంకరగా కనిపిస్తుంది. 1977లోనే చేసి చూశారు, ఒకే మనిషి ఫొటోని మామూలుగా ఒకటి, తిరగేసి ఒకటి చూపిస్తే ఆ మనిషికి అద్దంలోది నచ్చింది, స్నేహితులకి మామూలుది నచ్చింది. నా క్లయింట్ ఒకావిడ ఆరు ఫొటోలు "ఇది నాలా లేదు" అని వెనక్కి పంపింది. ఏడోసారి మొదటి ఫొటోనే తిరగేసి పంపించా. "హమ్మయ్య, ఇది బావుంది" అంది. ఇప్పటికీ చెప్పలేదు ఆవిడకి.

ఇక అందరూ చూస్తున్నారన్న భయం గురించి కూడా ఒక ముక్క. 2000లో వచ్చిన ఒక స్టడీలో కాలేజీ పిల్లలకి సిగ్గుపడేలాంటి టీషర్ట్ తొడిగి తోటివాళ్లున్న గదిలోకి పంపించారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు, నిజంగా గమనించింది సుమారు పావు వంతే. మీరు రెండ్రోజులు పోస్ట్ పెట్టకపోతే "ఏమైంది" అని అడిగేవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టండి. మీ ఫాలోయర్లు ఎనిమిది వందలు అన్నారు. అడిగింది ముగ్గురో నలుగురో అయ్యుంటారు, వాళ్లు కూడా నిజంగా మీ క్షేమం కోసమే అడిగుంటారు.

మరి ఏం చెయ్యాలి అంటే, నేనైతే ఇలా మొదలుపెడతా. అన్నీ ఒకేసారి చెయ్యొద్దు, ఓపిక ఉండదు.

ఫోన్‌లో లాగౌట్ చేసి, లేదా ఫ్రెండ్ ఫోన్ తీసుకుని, మీ ప్రొఫైల్‌ని కొత్తవాళ్లలా చూడండి. చివరి పన్నెండు పోస్టులు చాలు. ఈ మనిషికి జ్వరం వస్తుందా అని మిమ్మల్ని మీరే అడగండి. నవ్వొచ్చినా సరే, బాగా పనిచేసే ప్రశ్న అది.

పోస్ట్ పెట్టేముందు ఒక్క మనిషిని అనుకోండి. ఎనిమిది వందల మందికి రాస్తే ఎవరికీ తగలని రాత వస్తుంది. ఇన్‌స్టాలో స్టోరీ అయితే క్లోజ్ ఫ్రెండ్స్ లిస్ట్ వాడండి, మీరు అందులో పెట్టినవాళ్లకే ఆ స్టోరీ కనపడుతుంది, అది 2018 నుంచీ ఉంది, చాలామంది ముట్టుకోరు. నేను చెప్పిన ఆ గోడ ఉంది చూడండి, అదే ఇది, కాకపోతే మనమే కట్టుకోవాలి. లిస్టులో పదిమంది మించితే మళ్లీ స్టేజి అయిపోతుంది. లైకుల సంఖ్య కనపడకుండా సెట్టింగ్ కూడా ఉంది, పెట్టుకుంటే నష్టం లేదు, నాకు పెద్ద తేడా తెలియలేదు గానీ కొందరికి బానే పనిచేసింది.

నెలకి ఒక్క పోస్ట్, ఆ అకౌంట్ మనిషి పెట్టనిది పెట్టండి. కన్నీళ్లు పెట్టుకుని వీడియో తియ్యమని కాదు సుమా, అది ఇంకో రకం వేషం, ఈ మధ్య దానికి గిరాకీ కూడా బాగుంది. మామూలుది, నేర్చుకుంటూ పాడుచేసిన బొమ్మ, సగంలో వదిలేసిన పుస్తకం, అలాంటివి. నాలుగైదు నెలలకి ఆ అకౌంట్‌కి మీరు అలవాటవుతారు.

మీ ఫ్రెండ్‌ని ఒకసారి అడగండి, "వేరే మనిషివి అన్నావు కదా, ఏది చూసి అన్నావే" అని. కోపంగా కాదు. సగంసార్లు జవాబు మనం భయపడినది కాదు, "ఆన్‌లైన్‌లో ఇంత నవ్విస్తావు, నా దగ్గర ఎందుకు నవ్వవు" అన్న అలక అయ్యుంటుంది. మీరు మాత్రం వేరే అర్థం తీసుకుని నిద్ర పాడుచేసుకుంటున్నారు.

నిద్ర అన్నాను కాబట్టి, మీరు రాసినట్టు వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, అద్దం చూసుకోవాలంటే భయం వెయ్యడం ఉంటే అది అకౌంట్ సెట్టింగులతో పోయేది కాదు, కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో వెళ్లండి. నేను మాటలు రాసే మనిషిని, అంతవరకే.

చివర్లో డిలీట్ గురించి అడిగారు కదా. కోపంలో చెయ్యొద్దు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా అయితే డిలీట్ కొట్టాక 30 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు, ఆ తర్వాత రాదు. ముందు సెట్టింగుల్లోకి వెళ్లి మీ డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, అందరూ చూడకూడదు అనుకున్నవి ఆర్కైవ్‌లో పడెయ్యండి, మీకు మాత్రమే కనిపిస్తాయి. విడాకులైన ఒకావిడకి ఇలాగే చేశాం, ఆరేళ్ల జంట ఫొటోలు, ఒక్కటీ చెరపలేదు, ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక్కోటి ఆర్కైవ్ చేసుకుంటూ పోయాం. మధ్యలో ఒక ఫొటో దగ్గర ఆగి, "ఇందులో నేను నిజంగానే సంతోషంగా ఉన్నానే" అని, దాన్ని మాత్రం అలాగే ఉంచమంది. ఇప్పటికీ ఉంది ఆ ఫొటో. మీరు కూడా మొదటి ఏడాది పోస్టులు ఒకసారి తీసి చదవండి, ఏవి ఉంచాలో మీకే తెలుస్తుంది. డౌట్ ఉంటే ఇక్కడే అడగండి, రాత్రి చూస్తా.